పూలు తాగిన నువ్వులు

నేను చేసిన తప్పుల్ల చిన్నయి మా ఊరికి తెలుసు. నడిమిరకంవి మండలానికి తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం రెండు జిల్లాలకు తెలిసిన తప్పు. ముదిగొండ పక్కన మా ఊర్ల మొదలై ములకలపల్లి అడవి అంచున తేలింది. ఒక ముసలాయన దుకాణం, ఒక ఆడపిల్ల సారె, నా సంసారం, మూడూ ఒక్క పాత స్కూటర్ మీద ఊగుకుంట పోయినయంటే నమ్మండి. భయపడకండి, ఈ కథల ఎవరూ చావరు. నాకే ఆ దాకా వచ్చి తప్పింది.

యాదగిరి నోట్ల నువ్వుగింజ నానదని మావోళ్లు నన్ను అంటరు. అది ఉత్త నింద. నా నోట్ల అన్నీ నానుతయి. నానినంక ఉబ్బుతయి. ఉబ్బినంకనే బయటికొస్తయి. లోపలికి పోయినప్పుడు గింజంత ఉన్న సంగతి వచ్చేటప్పుడు గుమ్మడికాయంత అయితది, అంతే తేడా.

పదిహేనేళ్ల కిందటి ముచ్చట అనుకోండి. అప్పుడు నాకు అరెకరం లిల్లీ తోట ఉండేది. లిల్లీ అంటే దండలల్ల గుచ్చే తెల్లపువ్వే. నేలసంపెంగ అంటరు కొందరు. పొడుగు కాడ, కాడ నిండ మొగ్గలు. పొద్దు పొడవక ముందే మొగ్గలు తెంపి ఖమ్మం పూలమార్కెట్ల పోసి రావాలె. పెండ్లికీ అదే పువ్వు, పీనుగకూ అదే పువ్వు. దానికి లేని పట్టింపు నాకెందుకని నేను దాన్ని ఏనాడూ వాసన చూసింది లేదు. రోజూ బిర్యానీ వండేటోనికి బిర్యానీ మీద ప్రేమ ఉంటదా చెప్పండి.

ఒకనాడు మార్కెట్‌ల పూలు గుట్టలు పడ్డయి. కొనేటోడు లేడు. మొగ్గలు నా సంచిలనే విచ్చుకొని నన్ను ఎక్కిరిస్తున్నయి. తీసుకపోయి మోరీల పోద్దామని సంచి భుజానికెత్తుకున్న. వెనక నుంచి ఎవరో నెమ్మదిగ అన్నరు.

“బేటా, రాణిని మోరీల ఎయ్యకు.”

తిరిగి చూస్తే మస్తాన్ సాబు. మార్కెట్ వెనక సందుల అత్తరు దుకాణం ఆయనది. తాత నాటిది. మనిషి అగరొత్తి అంత సన్నగ ఉంటడు, అగరొత్తి లెక్కనే కనబడకముందే తెలుస్తడు. చెవి మడతల అత్తరు దూది, నెత్తిమీద తెల్లటోపి. నన్ను, నా సంచిని కలిపి దుకాణంల కూసోబెట్టిండు.

ఎడమచేతి మీద గాజుపుల్లతోటి ఒక చుక్క ఆనించి, ఇది మోగ్రా, మన మల్లె అన్నడు. కుడిచేతి మీద ఇంకో చుక్క పెట్టి, ఇది చమేలి, మన జాజి అన్నడు. రెండూ బాగనే ఉన్నయి. సుట్టాలింటికి పోయినట్టున్నది. ఆ తర్వాత పెట్టె లోపలి పెట్టెల నుంచి బొటనవేలంత సీసా ఒకటి తీసిండు. పసిపిల్లను ఉయ్యాల నుంచి తీసినట్టు తీసిండు.

“ఇది షబ్బో. అంటే నీ లిల్లీ. మా అబ్బాజాన్ చేసిన ఆఖరి సీసా.”

చుక్క మణికట్టు మీద పడ్డది. నేను అబద్ధాలకోరునని ముందే ఒప్పుకున్న గద, ఈ ఒక్క ముక్క మాత్రం నిజమని రాసుకోండి. మొదలు పచ్చికాడ పుటుక్కున విరిచిన వాసన. దాని వెనక వెన్న. వెన్న వెనక లేత కొబ్బరి. అదీ పోయినంక, మన ఒంటికి దగ్గరగ ఎవరో వచ్చి కూసున్నట్టు వెచ్చగ ఒకటి, దానికి నాకు పేరు దొరకలేదు. కండ్లు మూసుకున్న. నా తోటల ఇంతమంది ఉంటున్నరని నాకు తెల్వదు. రోజూ వీళ్లను కట్టలు కట్టి పీనుగుల మీద ఎయ్యనీకె అమ్ముతున్ననా అని మొదటిసారి సిగ్గయింది.

ఆఖర్ల మాత్రం ట్రంకుపెట్టెల వేసే కలరా ఉండల వాసన లెక్కటిది సన్నగ తగిలింది. చాచా, ఇది పాతబడి పాడైనట్టున్నదని అన్న. ఆయన గడ్డం ఊగేటట్టు నవ్విండు.

“తెల్లపువ్వు ఏదైనా సరే, లోపల అంత మురికి ఉంటది బేటా. అది తీసేస్తే కాగితం పువ్వు.”

అప్పుడు నాకు అత్తరు కట్టే పద్ధతి చెప్పిండు. ఫారిన్ సెంట్ల గూడ గదే వరుస అట. పైన నిమ్మ, నారింజ లాంటివి ఉంటయట, అవి గడపల నిలబడి నమస్తే పెట్టి పోతయి. కింద గంధం, కస్తూరి లాంటివి ఉంటయి, అవి ఇల్లు కాపలా కాస్తయి. ఈ రెంటికీ నడుమ ఇంట్ల కూసొని ముచ్చట పెట్టేది తెల్లపువ్వే. అది లేకుంటే ఇంట్ల మనిషి లేనట్టే. నేను నోరు తెరుచుకొని విన్న. నాకంటే బాగ ముచ్చట చెప్పే మనిషిని చూసుడు నాకది మొదలు.

అసలు సంగతి తర్వాత చెప్పిండు. ఆయనకు ఇద్దరు కొడుకులు. అత్తరు ఎవడు కొంటడని, ఆ దుకాణంల సెల్‌ఫోన్ కవర్లు పెడతమని వాళ్ల పట్టు. అంతల హైదరాబాద్ నుంచి శేషగిరిరావు గారని ఒకాయన కబురు పంపిండు. తలనూనెలు చేసే పెద్దమనిషి. పాత పద్ధతిల షబ్బో నూనె చేసి చూపిస్తే యేటా మీ దగ్గరనే తీసుకుంటనన్నడట. భద్రాచలం దర్శనానికి వస్తూ దారిల ఆగుతడట. ఆ నూనె నచ్చితే దుకాణం ఉంటది. నచ్చకపోతే షట్టర్ మీద కొత్త బోర్డు. కొడుకులు బోర్డుకు రంగులు గూడ చూసి పెట్టుకున్నరు.

పెద్ద రాగి దేగుల వేసి మరగబెడితే అయిపాయె గద అన్న నేను.

“షబ్బోను మరగబెడితే గోబీకూర అయితది. తెంపినంక గూడ అది వాసన కంటనే ఉంటది. బతికున్నదాన్ని బతికుండంగనే పట్టాలె.”

పట్టేది నువ్వులతోటి అట. పొట్టు తీసిన తెల్లనువ్వులు బట్ట మీద పొరగ పోయాలె. మీద పూల పొర, మల్ల నువ్వుల పొర. రోజూ పాత పూలు ఏరేసి కొత్తయి పరచాలె. నువ్వుగింజకు ముక్కు లేకపోయినా కడుపున్నదట, పక్కన ఏది పెడితే దాన్ని తాగుతదట. తాగీ తాగీ ఇంక నావల్ల కాదన్ననాడు తీసుకపోయి గానుగ పట్టాలె. ఆ నూనె చుక్క జుట్టుకు పెట్టుకుంటే తోట మొత్తం నెత్తిమీద మోసినట్టే.

మరి మీ ఇంట్లనే పరచొచ్చు గదా అంటే, ఆయన దుకాణానికి ఒక పక్క కబాబుల బండి, ఇంకో పక్క టైర్లకు పంక్చర్లు. కబాబు తాగిన నూనె పెట్టుకున్న ఆడోళ్ల వెనక వీధి కుక్కలు పడవా అన్నడు. పూలు నావే గనక గది గూడ నాదే అయింది. కొత్త నువ్వుల సంచి ఆయనిచ్చిండు. నేను సై అన్న. ఎందుకన్ననో నాకిప్పటికీ తెల్వదు. మణికట్టు వాసన చూసుకుంట అన్న, అంతే.

ఇక్కడ మా ఆవిడ సుగుణ కథలకు వస్తది. వచ్చేముందు ఆమె బాధేందో మీరు తెలుసుకోవాలె. అప్పటికే నేను పుట్టగొడుగులు పెంచి, అవి తినలేక ఊరంతటికీ పంచిన. ఈము పక్షులు తెచ్చి, అవి తరిమితే బాయిగడ్డ ఎక్కి కూసున్న. ఆ బాయిగడ్డ మీద ఉన్నప్పుడే సుగుణ కింద నిలబడి చెప్పింది, ఇంకొక్క కొత్త బిజినెస్ మాట ఇంట్ల వినబడితే ములకలపల్లిల మా అమ్మగారింటికి పోత, మల్ల రాను అని. పక్షి ఒక దిక్కు, పెండ్లాం ఒక దిక్కు చూస్తుంటే నేను అన్నిటికీ తలూపిన.

గిప్పుడు తూర్పుగదిల పొరలు పొరలుగ నువ్వులు, పూలు. మొదలు మిరపకాయలు పోసే గదిల పెడదామనుకుంటే మస్తాన్ సాబు వచ్చి గోడ వాసన చూసి తుమ్ముల మీద తుమ్ములు తుమ్మి వద్దన్నడు. అందుకని తూర్పుగది. తలుపు దగ్గరికేసి నేను బయటికి వస్తుంటే సుగుణ ఎదురొచ్చింది.

“ఏందయ్యా, నువ్వులకు పూలపాన్పు వేసినవ్?”

పువ్వు పుట్టంగనే పరిమళిస్తదంటరు. నా అబద్ధం గూడ అంతే, పుట్టంగనే నడిచింది, మాట్లాడింది, పెద్ద పిల్ల అయింది. సుగుణ చెల్లె స్వప్నకు పెండ్లి కుదిరి ఉన్నది. సారెల పెట్టే సకినాలకు నువ్వులు నేను పంపుతనని నెల కిందనే మాటిచ్చి మరిచిపోయిన. అది జ్ఞాపకమొచ్చింది. గివి మీ చెల్లె సారె సకినాలకే అన్న. పూలెందుకన్నది. కొత్త పెండ్లికూతురు సకినాలకు పూలల్ల పండిన నువ్వులు వాడితే కాపురం పూలలెక్క ఉంటదని, పాతకాలపు ఆచారమని, పెద్దోళ్లు పోయినంక జనం మరిచిపోయిన్రని చెప్పిన. రోజూ పూలు మార్చుడెందుకు అన్నది. ఒకనాటి పూలు ఇంకోనాటికి మైల అన్న. మరి కడగాలె గద అన్నది.

“అయ్యయ్యో, కడిగితే పుణ్యమంత నీళ్లల్ల పోదా?”

ఆ ఒక్క మాట చెప్పకుండ ఉంటే నేను బతికిపోయేటోన్ని. మంచి అబద్ధానికి గోడ కట్టి ఆపాలె, నేను దానికి అరుగులు, అటకలు గూడ కట్టిన.

మస్తాన్ సాబు అప్పుడప్పుడు వచ్చి పిడికెడు నువ్వులు అరచేతుల రుద్ది వాసన చూసి పోయేటోడు. ఆయనెవరని అడిగితే, పెద్దమనిషి, పిల్ల కాపురం కోసం దువా చేస్తనని తనంతట తనే వస్తున్నడని చెప్పిన. సుగుణ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండు దిక్కుల దీవెన అని మురిసి ఆయనకు చాయ పోసింది. ఆయన చాయ తాగి, నీ పెండ్లాం మంచిది బేటా, ఆమెకు అంత చెప్పినవా అన్నడు. అంత చెప్పిన చాచా అన్న. ఎంత చెప్పిననో చెప్పలేదు.

దినాలు గడిచినకొద్దీ ఆ గది ముందునుంచి నడిస్తే అడుగు నెమ్మదించేది. నేనే తలుపు సందుల ముక్కు పెట్టి నిలబడేటోన్ని. పొద్దుగాల ఒక తీరు వాసన, మాపటికి ఒక తీరు. ఎండిన గింజ, పిట్ట గూడ తిరిగి చూడని గింజ, నోట్ల వేసి కొరికితే లోపల నుంచి లిల్లీ నవ్వేది. ఇంక వాటికి పూలు చాలు, రేపు గానుగకు పోదాం అన్నడు మస్తాన్ సాబు ఒకనాడు. ఎల్లుండి శేషగిరిరావు గారు వస్తున్నడు. లెక్క సరిపోయింది.

తెల్లారి ఖమ్మం పోయి ఆయనను స్కూటర్ మీద ఎక్కించుకొని ఇంటికొచ్చిన. ఆయన స్కూటరే అది, నడిపేది నేను. తూర్పుగది తలుపు తీసినం.

బట్ట ఉన్నది. బట్ట మీద పూలు ఒక పక్క కుప్ప పోసి ఉన్నయి. నువ్వులు లేవు.

పిల్లి పాలు తాగితే మూతికన్నా అంటుతది. ఇక్కడ గింజ గూడ అంటలేదు. పక్కింటి లచ్చమ్మక్క గోడ మీదికెల్లి తల పెట్టి సంగతి చెప్పింది. ములకలపల్లి నుంచి ఫోన్ వచ్చిందట, అమ్మలక్కలు సకినాలకు కూసుంటున్నరు జల్దీ రమ్మని. సుగుణ నువ్వుల సంచి ఒళ్లో పెట్టుకొని పొద్దుగాలనే ఆటో ఎక్కి పోయిందట. పోయేముందు లచ్చమ్మక్కకు ఆ ఆచారం గూడ చెప్పిందట.

“మా కోడలు సీమంతానికి మాకు గూడ పూలు ఇయ్యాలె తమ్ముడూ.”

మస్తాన్ సాబు నా దిక్కు తిరిగిండు. ఆచారమేందని అడిగిండు. చెప్పక తప్పలేదు. ఆయన కోపానికొస్తే బాగుండు. రాలేదు. బట్ట మీద చెయ్యేసి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నడు. కొడుకులకు ఫోన్ చేస్త, రంగులు కలుపుకోమంట అన్నడు. నేను ఆయనను ఎత్తి స్కూటర్ మీద కూసోబెట్టినంత పని చేసిన.

సుగుణకు ఫోన్ కలవదు. అడవి దిక్కు టవర్ ఎప్పుడూ ఉపవాసంల ఉంటది. కొత్తగూడెం దాటినం, పాల్వంచ దాటినం. స్కూటర్ ఎక్కేది తక్కువ, దగ్గేది ఎక్కువ. రోడ్డు అడవిలకు తిరిగినంక ఇప్పపూల వాసన గుప్పుమన్నది. అంత తొందరల, దుకాణం పోయే దినాన, ఆ ముసలాయన నా భుజం తట్టి ఆపమన్నడు. దిగలేదు, ఊరికె కూసొని గాలి పీల్చిండు.

“గిది గూడ తెల్లపువ్వే. గానీ సిగ్గులేని పువ్వు” అన్నడు. “ఇంక నడువు.”

ములకలపల్లిల మా అత్తగారింటి ముందర దిగంగనే ఆయన గాలిల ముక్కు ఎత్తి నిలబడిపోయిండు. నాకూ తగిలింది. కాగే నూనె, వాము, వాటి నడుమ, పెండ్లిపందిట్ల పట్టుచీర మడత విప్పినట్టు, లిల్లీ. “అయిపోయింది” అన్నడు ఆయన. దుఃఖంగ అన్నడో, మురిసి అన్నడో చెప్పుడు కష్టం. రెండూ ఉన్నయి.

వాకిట్ల తెల్లబట్టలు పరిచి ఉన్నయి. పదిమంది ఆడోళ్లు వేళ్లతోటి పిండి మెలి తిప్పుకుంట సుట్లు సుట్లుగ సకినాలు పోస్తున్నరు. నడుమ బాణలి. పక్కన వెదురుగంప నిండ కాలినయి. సుగుణ గంటె పట్టుకొని సేనాపతి లెక్క నిలబడ్డది. అరుగు మీద కుర్చీల పెండ్లికొడుకు మేనత్త. పిల్లకు చీరె చూపియ్యనీకె వచ్చిందట. ఆమె సకినం కొరికి, అదేందమ్మా పూల వాసనొస్తదని అడిగింది. సుగుణ నా ఆచారాన్ని మొదటినుంచి చివరి దాకా అప్పజెప్పింది. కడగకూడదన్న ముక్క గూడ విడిచిపెట్టలే. మేనత్త ఒక్క క్షణం ఆలోచించింది. పెండ్లివారి మేనత్త తెల్వదని ఎట్ల అంటది.

“అవ్, మా దిక్కు గూడ ఉన్నది. మా నాయనమ్మ చేసేది. మేము రెండు తీర్ల పూలు వేస్తం.”

నేను అక్కడికక్కడ గొయ్యి తీసుకొని దిగుదామనుకున్న. అబద్ధమని ఒప్పుకుందామంటే పెండ్లివారి ముందర సుగుణ పరువు పోతది. ఒప్పుకోకపోతే మస్తాన్ సాబు దుకాణం పోతది. ముందు నుయ్యి, వెనక మేనత్త. ఇంతల చాచా జేబుల ఫోన్ మోగింది. నా ఫోన్‌కు దొరకని టవర్ ఆయన ఫోన్‌కు దొరికింది, నా అదృష్టం అసొంటిది. శేషగిరిరావు గారు. ఒకరోజు ముందే బయలెల్లిండట. ఖమ్మంల దుకాణం మూసి ఉంటే భద్రాచలం దారి పట్టిండట. ఇప్పుడు పాల్వంచ దగ్గర ఉన్నడు, మీరెక్కడని అడుగుతున్నడు. నేను చేతులు జోడించి సైగ చేసిన, ఏదన్న చెప్పు చాచా, జ్వరమని చెప్పు, దవాఖానల ఉన్ననని చెప్పు. మస్తాన్ సాబు నన్ను చూసుకుంటనే ఉన్నది ఉన్నట్టు చెప్పిండు, ములకలపల్లిల పెండ్లింట్ల ఉన్నం, సరుకు గూడ గిక్కడనే ఉన్నది, రాండ్రి అని.

నేను సుగుణను కట్టెల మోపు వెనకకు పిలిచిన. ఈసారి గోడలు, అరుగులు కట్టలేదు. మూడు ముక్కల్ల చెప్పిన. అది ఆచారం కాదు, నూనె. అది మనది కాదు, ఆయనది. ఆ నూనె లేకుంటే ఆయన దుకాణం ఉండదు. సుగుణ కొంగుతోటి మొఖం తుడుచుకొని నన్ను ఎగాదిగా చూసింది.

“మల్ల బిజినెసా?”

అవ్ అన్న. ఆమె ఇంట్లకు పోయింది. బ్యాగు సర్దుకుంటున్నదేమో, సర్దుకొని ఏడికి పోతది, అమ్మగారింట్లనే ఉన్నది గద, అంటే నన్నే పొమ్మంటదేమో అని నేను లెక్కలేస్తున్న. ఆమె మూతకట్టిన ఇత్తడి గిన్నె ఒకటి పట్టుకొని వచ్చి నేరుగ మస్తాన్ సాబు ముందర పెట్టింది. బట్ట విప్పితే నువ్వులు. పిండిల కలవని నువ్వులు, గిన్నెడు.

ఇంత మంచిగ వాసనొస్తుంటే అన్నీ పిండిల పొయ్యనీకె మనసు రాలేదట. చెల్లె పెట్టెల చీరెల నడుమ మూటకట్టి పెడదామని దాసిందట. ఇంకో ముచ్చట గూడ అప్పుడే బయటపడ్డది. నేను పొద్దుగాల పూలు మార్చుడు మరిచి నిద్రపోయిన దినాలల్ల, వాడిన పూలు పులిసిపోతున్నయని ఆమెనే ఏరి పారేసిందట. ఆచారానికి భంగం కావొద్దని. నేను మరిచిన దినాలు ఎన్నో నాకే లెక్క లేదు. మస్తాన్ సాబు ఆమె చెప్పిందంతా విని, నా దిక్కు చూసి, మల్ల ఆమె దిక్కు చూసిండు.

కారు వచ్చింది. శేషగిరిరావు గారు దిగిండు. తెల్లలాల్చి, బంగారు ఫ్రేము కండ్లద్దాలు. ముందుగాల కుర్చీ వేసిన్రు, నీళ్లిచ్చిన్రు, పిల్ల తరఫు సుట్టమనుకొని మేనత్త కొంగు సర్దుకున్నది. ఆయన గిన్నెల నుంచి చిటికెడు నువ్వులు అరచేతుల వేసుకొని రెండు చేతుల నడుమ గట్టిగ రుద్దిండు. చేతులు జిగటగ మెరిసినయి. మొఖం చేతులల్ల దాచుకున్నడు. వాకిట్ల అందరూ చేతులు ఆపిన్రు. బాణలిల నూనె ఒక్కటే మాట్లాడుతున్నది. మస్తాన్ సాబు కింద నేలను చూస్తున్నడు. టోపి తీసి చేతుల పట్టుకున్నడు, మల్ల పెట్టుకున్నడు.

శేషగిరిరావు గారు చేతులు తీసేసరికి కండ్లద్దాలకు నూనె అంటింది. ఆయన తుడుచుకోలేదు.

“చిన్నప్పుడు మా మేనత్త జడ దగ్గర ఈ వాసన ఉండేదండీ. మళ్లీ ఇన్నాళ్లకు. ఎంత ఉంది సరుకు?”

“ఇంతే” అన్నడు మస్తాన్ సాబు.

“మిగతాది?”

అందరి తలలూ ఒక్కసారి వెదురుగంప దిక్కు తిరిగినయి. ఆయన గూడ తిరిగి చూసిండు. చాలాసేపు చూసిండు. లేచి పోయి ఒక సకినం తీసుకొని విరిచి నోట్ల వేసుకున్నడు. నములుతున్నడు.

“ముందు నూనె, తర్వాత వాము” అన్నడు ఆయన, తనలో తను చెప్పుకున్నట్టు. “మింగేశాక ముక్కులోంచి లిల్లీ. ముప్ఫై ఏళ్లుగా వాసనలు అమ్ముతున్నాను. తినిపించిన వాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.”

ఇంకో రెండు తిన్నడు. తిని చేతులు దులుపుకొని, ఈ గిన్నెలో ఉన్నట్టే నూనె వస్తే వచ్చే కార్తె నుంచి తన తలనూనెకు మస్తాన్ సాబు తప్ప ఇంకెవరూ వద్దని చెప్పిండు. మస్తాన్ సాబు రెండు చేతులూ గుండెకు పెట్టుకున్నడు. నూనె ఏంది, కార్తె ఏంది అని మేనత్త చెవులు నిక్కించింది. సుగుణ బాణలి దగ్గర నుంచే తేలికగ చెప్పింది, మా ఆయన పుణ్యానికి పూలు వేసిండు, మిగిలిన పుణ్యం సాయబుగారు నూనె తీస్తరట అని. మేనత్త తలూపి, మా దిక్కు గూడ తీస్తరన్నది.

అప్పుడు మస్తాన్ సాబు గొంతు సర్దుకున్నడు. “రావు సాబ్, నూనె ఇస్త. గానీ నాది ఒక షరతు. గది తాళంచెవి ఈ బిడ్డ సుగుణ దగ్గర ఉండాలె. యాదగిరి ఆ గదిలకు రావొద్దు.”

నాకు రోషమొచ్చింది. “గదేంది చాచా? తోట నాది, పువ్వు నాది, గది నాది. నేనేం పాపం చేసిన?”

“పువ్వు నీదే బేటా. గానీ నువ్వుగింజ పక్కన ఏదుంటే దాన్ని తాగుతది. నీ ముచ్చట్లు గూడ తాగిందనుకో, రావు సాబ్ నూనె పెట్టుకున్న ఆడోళ్లందరూ అబద్ధాలాడుతరు.”

మొదలు నవ్వింది సుగుణనే. గంటె బాణలిల పడేసి నవ్వింది. ఆ తర్వాత వాకిలంత నవ్వింది. మేనత్త ఎందుకో తెల్వకున్నా అందరికంటే గట్టిగ నవ్వింది. శేషగిరిరావు గారు సుగుణకు నమస్కారం పెట్టి, తాళంచెవి జాగ్రత్తమ్మా అన్నడు. అంత మంది నడుమ నేను ఒక్కన్నే న్యాయం కోసం చూసుకుంట నిలబడ్డ. న్యాయం అప్పటికే సకినాలు తింటున్నది.

కాబట్టి చదివేవాళ్ల సాక్షిగ, మా ఊరి గానుగ సాక్షిగ నేను ఒట్టు పెడుతున్న. ఇకమీదట తినే వస్తువు మీద గానీ, తలకు రాసే వస్తువు మీద గానీ నేను ఆచారం పుట్టియ్యను. నువ్వులున్న గదిల నోరు తెరవను. తెరవనీకె నన్ను రానియ్యరు గూడ, అది వేరే సంగతి. ఇప్పటికీ తోటల పూలు తెంపి, మూతికి కండువ కట్టుకొని, గడప ఇవతల నిలబడి గంప అందిస్త. లోపల నుంచి సుగుణ అందుకొని, తలుపు వేసుకుంటది. ఆ తలుపు సందుల నుంచి వచ్చే వాసనను మాత్రం ఎవరూ ఆపలేరు. ఆ వాసన గురించి నేను చెప్పేటివి మాత్రం మీరు నమ్మొచ్చు. అండ్ల కలపనీకె నా దగ్గర అంత గొప్ప అబద్ధం ఇంకా పుట్టలేదు.